లెక్క రాసినోళ్ళు, లెక్కకెక్కినోళ్ళు

శ్రమే జ్ఞానం అన్న మాట మన సభల్లో, కరపత్రాల్లో, సిద్ధాంత గ్రంథాల్లో ముప్పై యేళ్ళుగా వినబడుతూనే వుంది. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత వచ్చిన దళిత రచన ఈ మాటను నిలబెట్టింది. అంతకుముందు జ్ఞానమంటే పుస్తకం, పుస్తకమంటే అగ్రహారం. చెప్పు కుట్టేవాడికి, కుండ చేసేవాడికి, గొర్రెలు కాసేవాడికి చేతిపని వుంది గానీ బుద్ధి లేదన్నట్టే చదువుకున్నోళ్ళు రాసుకున్నారు, మనకు బళ్ళో అదే చెప్పారు. ఆ అబద్ధాన్ని పగలగొట్టడానికి ఈ మాట పనికొచ్చింది. కంచ ఐలయ్య 1996 లో ఇంగ్లీషులో తెచ్చిన పుస్తకం, తెలుగులో 'నేను హిందువు నెట్లయిత?', ఉత్పత్తి కులాల పనిలో వున్న తెలివిని చూడమని దేశానికి చెప్పింది. దాని విలువ తగ్గించే ఉద్దేశం నాకు లేదు.

అయితే ఒక మాట ఇన్నేళ్ళు అదే మాటగా తిరుగుతా వుంటే అనుమానం రావాలి. శ్రమలో తెలివి వుందని చెప్పాం. ఆ తెలివి ఏందో, ఎట్లా పనిచేస్తుందో, ఎక్కడ విఫలమవుతుందో మనం రాసిన పుస్తకాల్లో ఎన్ని పేజీలుంది? పనిలో వున్న తెలివి ఇంకొకరి చేతికి అందాలన్నా, ఇంకొకరు దాన్ని పరీక్షించి 'ఇక్కడ తప్పు' అని చెప్పగలగాలన్నా నడుమ ఇంకో పని వుంది. ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ పోవడం, చూసింది లెక్క రాయడం, రాసింది దాచిపెట్టడం, పదేళ్ళ తర్వాత తీసి సరిచూడడం. ఈ పని చేసినోళ్ళ పేరు మీదే జ్ఞానం చెలామణీ అయింది. ఒళ్ళు వంచినోళ్ళ పేరు మీద కాలేదు. గోపాల్ గురు 2002 లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో రాసిన వ్యాసంలో మన సామాజిక శాస్త్రాల్లో సిద్ధాంతం చేసే బ్రాహ్మణులు, సమాచారం మోసే శూద్రులు అనే వర్ణవిభజన వుందన్నాడు. దాని మీద చాలా చర్చ జరిగింది. చర్చలో పాల్గొన్నవాళ్ళు ఎక్కువమంది సిద్ధాంతం వైపు కుర్చీ అడిగారు. సమాచారం అనే మూట ఎట్లా కట్టారో, ఎవరు కట్టారో విప్పి చూసినోళ్ళు తక్కువ.

ఆ మూట విప్పి చూడడానికి నేను దూరం పోను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం. పాత చిత్తూరు జిల్లా పడమటి అంచు. ఒక పక్క కన్నడం, ఒక పక్క అరవం, నడుమ కరువు. బయటివాళ్ళకు ఇది టమోటా మార్కెట్టు, పొట్టి ఆవు, ముఖ్యమంత్రి నియోజకవర్గం. కానీ వందేళ్ళకు పైగా ఇక్కడ కొన్ని సంస్థలు గట్టిగా కూర్చుని కొత్త సంగతులు కనిపెట్టాయి. ఆ సంగతులు మన ఒంటి నుంచి, మన పిల్లల నుంచి, మన పనుల నుంచి వచ్చినవే.

మదనపల్లె పక్కన ఆరోగ్యవరం. మా వైపు పెద్దోళ్ళు ఇప్పటికీ 'శానిటోరియం' అనే అంటారు. 1912 లో కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టిన క్షయ ఆసుపత్రి అది. డెన్మార్కు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దాన్ని నిలబెట్టాడు. అప్పటికి టీబీకి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ 1940ల్లో గానీ రాలేదు. మంచి గాలి, పాలు, గుడ్లు, నెలల తరబడి మంచం, ఇదే వైద్యం. రోజు కూలికి పోకపోతే పొయ్యి వెలగని ఇంటికి ఆ వైద్యం ఎంతవరకు అందుతుందో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు.

నాకు కావలసిన కథ ఆయన కొడుకు జోహాన్నెస్ ఫ్రిమోట్-మోలర్ కాలానిది. 1948 లో దేశంలో బీసీజీ టీకా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుంచి ఆరోగ్యవరం వాళ్ళు ఆసుపత్రి గేటు దాటి పట్టణంలోకి, చుట్టూ వున్న పల్లెల్లోకి వచ్చారు. జనం జాబితా రాసి, చేతికి ట్యుబర్క్యులిన్ సూది వేసి, ఎక్స్‌రే తీసి, అనుమానం వున్నవాళ్ళ తెమడ పరీక్షించారు. మళ్ళీ పోయారు. మళ్ళీ అదే ఊరు, అదే ఇల్లు. 1950-55 మధ్య చూసింది 1960 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయింది. టీకా వేసినవాళ్ళనూ వేయనివాళ్ళనూ పోల్చి వరసగా నివేదికలు ఇచ్చారు. నాలుగోది 1973 లో వచ్చింది.

మళ్ళీ పోవడంలో వున్న విషయం మనం గమనించాలి. మొదటిసారి పోతే ఊర్లో ఎందరికి రోగం వుందో తెలుస్తుంది, అంతే. రెండోసారి, మూడోసారి పోతే ఎవరికి కొత్తగా అంటుకుంది, ఎవరికి తగ్గింది, ఎవరు చచ్చిపోయారు, ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి పాకింది తెలుస్తుంది. ఒక్కసారి పోయి ఎన్ని వేలమందిని చూసినా ఈ సంగతి తెలీదు. మన పరిశోధనలు చాలావరకు ఆ ఒక్కసారి పోవడం దగ్గరే ఆగిపోతున్నాయి. ప్రశ్నావళి పట్టుకుని వేసవి సెలవుల్లో పోతాం, నూటయాభై మందిని అడుగుతాం, పట్టికలు వేస్తాం, డిగ్రీ వస్తుంది. ఆ ఊరికి మళ్ళీ పెళ్ళికో చావుకో తప్ప పోం.

ఇప్పుడు అంకెలు చూద్దాం. 1973 నివేదిక లెక్కలో టీకా వేసినవాళ్ళు 5,069 మంది. వాళ్ళలో క్షయ వచ్చినవాళ్ళు 33 మంది. టీకా వేయనివాళ్ళు 5,808 మంది, వాళ్ళలో క్షయ వచ్చినవాళ్ళు 47 మంది. అంటే ఒక పక్క వెయ్యికి ఆరున్నర, ఇంకో పక్క వెయ్యికి ఎనిమిది. టీకా వల్ల అయిదో వంతు తగ్గినట్టు కనిపిస్తుంది గానీ అది ఊరికే కలిసొచ్చిన తేడా కూడా కావచ్చు, అంత చిన్నది. 1994 లో అమెరికా పరిశోధకులు ప్రపంచంలో జరిగిన బీసీజీ పరీక్షల్ని ఒకచోట చేర్చారు. అందులో పదమూడు పరీక్షల పట్టిక ఇవాళ దేశదేశాల్లో గణాంక శాస్త్రం నేర్చుకునే పిల్లలకు పాఠం. ఆ పట్టికలో మదనపల్లె ఒక వరస. 33, 47, పక్కన అక్షాంశం 13. భూమధ్యరేఖకు దూరమైన దేశాల్లో టీకా బాగా పనిచేసింది, దగ్గరైన చోట పట్టు తప్పింది. మదనపల్లె అక్షాంశం మీదే, చెంగల్పట్టులో 1968 లో మొదలుపెట్టిన చాలా పెద్ద పరీక్షలో ఊపిరితిత్తుల క్షయకు బీసీజీ ఏమీ అడ్డుకట్ట వేయలేదని తేలింది. పసిపిల్లలకు వచ్చే తీవ్రమైన క్షయను ఆపుతుంది గనక ఇప్పటికీ వేస్తున్నారు, వేయించాలి కూడా.

ఎందుకు ఈ తేడా? ఒక వాదం ఏమంటే, వేడి దేశాల మట్టిలో, నీళ్ళలో క్షయ క్రిమికి దాయాదులైన సూక్ష్మజీవులు వుంటాయి. రోగం తెప్పించవు గానీ ఒంట్లోకి ముందే చేరి టీకా చేయాల్సిన పనిని కప్పేస్తాయి. ఇక్కడ నాకొక ప్రశ్న వస్తుంది. ఊర్లో మట్టిలో, చెరువు నీళ్ళలో ఎక్కువ పొద్దు గడిపేది ఎవరు? మడి దున్నేవాడు, నాటు వేసే ఆడమనిషి, చెరువు పూడిక ఎత్తే కూలి. అట్లాంటప్పుడు ఆ 33 లో వాడోళ్ళు ఎందరు, ఊరోళ్ళు ఎందరు? ఆ 47 లో ఎందరు? ప్రపంచమంతా చదివే ఆ పట్టికలో అక్షాంశానికి గడి వుంది. వాడకు గడి లేదు. జవాబు 'ఏ తేడా లేదు' అనే రావచ్చు. అది కూడా తెలుసుకోదగిన సంగతే. కానీ అక్షాంశం అడగాలని తోచినవాళ్ళకు వాడ అడగాలని తోచలేదు. ప్రశ్న వేసేవాడు ఏ వీధిలో పుట్టాడన్నది జ్ఞానంలోకి దూరేది ఇట్లాగే.

మిషనరీ వైద్యం మీద మనవాళ్ళు రెండు రకాలుగా రాస్తారు. దేవుడు పంపిన దయామయులు, లేకపోతే సామ్రాజ్యవాదుల ఏజెంట్లు. రెండు రాతల్లోనూ వాళ్ళ నోటుబుక్కు కనిపించదు. నాకు ఆ నోటుబుక్కు కావాలి. ఒక జనాన్ని ఇరవై యేళ్ళు వదిలిపెట్టకుండా చూడడం ఎట్లా సాధ్యమైంది, జాబితా ఎట్లా రాశారు, వలస పోయినోళ్ళను ఎట్లా వెతికారు, ఇవి మనం నేర్చుకోవాల్సిన విద్యలు. 1973 నివేదిక మీద ఫ్రిమోట్-మోలర్ పేరు పక్కన జి.ఎస్. ఆచార్యులు, కేశవ పిళ్ళై పేర్లున్నాయి. తెమడ డబ్బాలు మోసినోళ్ళ పేర్లు అట్లాంటి చోట వుండవు. చెయ్యి చాపి సూది వేయించుకుని, రెండు రోజుల తర్వాత వాపు కొలవడానికి మళ్ళీ చెయ్యి చూపించిన కూలి మనిషి కూడా ఆ జ్ఞానంలో వాటాదారే. ఆమెకు ఫలితం ఎవరైనా చెప్పారా?

ప్రశ్న మారితే జ్ఞానం ఎట్లా మారుతుందో అదే రోగం మీద ఇంకో రెండు పనులు చూపిస్తాయి. మద్రాసులో 1956 లో మొదలుపెట్టి 1959 లో ప్రకటించిన పరీక్షలో కొందరు రోగుల్ని శానిటోరియంలో పెట్టారు, కొందరికి ఇంటి దగ్గరే మందులిచ్చారు. ఇరుకు ఇళ్ళల్లో, బలం లేని తిండి తింటా, మాత్రలు మాత్రం మింగినవాళ్ళకు కూడా దాదాపు అట్లాగే నయమైంది. మంచి గాలి, గుడ్లు, మంచం అనే పాత వైద్యానికి అక్కడితో నూకలు చెల్లినాయి. ఆరోగ్యవరం లాంటి సంస్థల పునాదే కదిలింది. కాలక్రమంలో అది అన్ని రోగాలూ చూసే ఆసుపత్రిగా మారింది. రెండోది తుమకూరు జిల్లాలో. బెంగుళూరు జాతీయ క్షయ సంస్థ తరఫున డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ చేసి 1963 లో అచ్చువేసిన పని. పల్లె జనానికి చదువు లేదు, రోగమొచ్చిందని తెలీదు, అందుకే ఆసుపత్రికి రారు అని అప్పటిదాకా పెద్ద డాక్టర్ల నమ్మకం. వీళ్ళు పోయి రోగుల్నే అడిగారు. చాలామందికి తమ ఒంట్లో ఏదో వుందని తెలుసు. సగం మందికి పైగా అప్పటికే ప్రభుత్వ ఆసుపత్రికి పోయి వచ్చారు. అక్కడ వాళ్ళ చేతికిచ్చింది దగ్గుమందు సీసా. తెలివి తక్కువ ఎవరిదో ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోయింది. ఈ రెండో పనిని నేను మన పనిగా లెక్కేస్తాను. చేసినవాళ్ళు దళితులని కాదు, అడగాల్సిన మనిషిని అడిగారని.

మదనపల్లె దగ్గరే రిషి వ్యాలీ. జిడ్డు కృష్ణమూర్తి పేరుతో 1926 నుంచి నడుస్తున్న, డబ్బున్నోళ్ళ పిల్లలు చదివే హాస్టల్ బడి. దాని గ్రామీణ విద్యా కేంద్రం తరఫున 1980ల చివర నుంచి వై.ఎ. పద్మనాభరావు, రమ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న ఒంటి టీచరు బళ్ళు పెట్టారు. ఆ ఊర్ల యువతీ యువకులే టీచర్లు. పాఠ్యపుస్తకాన్ని విప్పదీసి కార్డులు చేశారు, కార్డుల్ని నిచ్చెన మెట్లుగా పేర్చారు. ప్రతి కార్డు మీద ఒక బొమ్మ గుర్తు. పిల్ల తను ఏ మెట్టు మీద వుందో తనే చూసుకుని కార్డు తీసుకుంటుంది.

ఇందులో కొత్త సంగతి కార్డు కాదు. గొర్రెల వెంట, వేరుశనక్కాయలు ఒలిచే కూలికి పోయి పది రోజులు బడికి రాని పిల్లను మామూలు బడి ఏం చేస్తుంది? తరగతి ముందుకు పోయి వుంటుంది, ఆ పిల్ల వెనకబడి వుంటుంది, ఇంకో నెలకు మానేస్తుంది. రిజిస్టర్లో 'బడి మానేసిన పిల్ల' అని రాస్తారు. ఈ పద్ధతిలో ఆ పిల్ల పదకొండో రోజు వచ్చి తను వదిలిన మెట్టు నుంచే ఎక్కుతుంది. గైర్హాజరును పిల్ల తప్పుగా చూడకుండా పల్లె బతుకులో వుండే నిజంగా చూసి, బడిని దానికి తగ్గట్టు మార్చారు. ఏళ్ళ తరబడి ఆ బళ్ళలో కూర్చుని కార్డు మార్చి, మళ్ళీ మార్చి సాధించింది ఇది. 1995 లో కర్నాటకలో హెచ్.డి. కోటె దగ్గర మొదలైన 'నలి కలి'కి, 2000ల్లో తమిళనాడు ప్రభుత్వ బళ్ళలో వచ్చిన కృత్యాధార బోధనకు మూలం ఈ పల్లె బళ్ళే.

నా పేచీ తర్వాత జరిగిన దాంతో. ఒకే టీచరు, అయిదు తరగతులు అనే పేదరికానికి దొరికిన ఉపాయాన్ని ప్రభుత్వాలు పెద్ద ఎత్తున ఎత్తుకున్నప్పుడు, ఉపాయం గొప్పదైపోయి పేదరికం మరుగున పడింది. వాడ బడికి రెండో టీచరు ఎందుకు రాలేదు అని అడిగేవాడు అభివృద్ధి నిరోధకుడు అయిపోయాడు. హాస్టల్ బడిలో తరగతికో టీచరు, వాడ బడిలో తరగతికో కార్డు! కనిపెట్టినవాళ్ళ చిత్తశుద్ధి మీద నాకు అనుమానం లేదు. ఒక జ్ఞానం ఎవరి అవసరంలో పుట్టిందో, ఎవరి సౌకర్యానికి వాడబడుతుందో రెండూ వేరు వేరుగా రాయాలంటున్నాను.

పుంగనూరుకు పోదాం. పుంగనూరు అంటే ఆవు. మూడడుగుల ఎత్తు కూడా సరిగా వుండని పొట్టి జాతి. జమీందారుల పేరుతో కలిపి చెప్పుకుంటారు. జాతీయ పశు జన్యు వనరుల సంస్థ జాబితాలో నమోదైంది, పలమనేరు పశు పరిశోధనా కేంద్రంలో కాపాడుతున్నారు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో వాటికి మేత పెడుతున్న ఫోటోలు దేశమంతా చూసింది. ఆవుకు జాతి పత్రం వుంది, ఎత్తు కొలత వుంది, పాలలో వెన్న ఎంతో లెక్క వుంది. తరతరాలుగా వాటిని మేపినోళ్ళ, ఈనించినోళ్ళ లెక్క ఏ రిజిస్టర్లోనూ వుండదు. సరే, ఇది మనం ఎప్పుడూ చెప్పేదే. మనం చెప్పనిది ఇంకోటుంది.

ఆ ఆవు చచ్చిపోయాక ఏమవుతుంది? అక్కడ మొదలయ్యేది మాదిగ తెలివి. పచ్చి తోలును సున్నపు నీళ్ళలో నానేసి వెంట్రుక రాల్చాలి. లోపలి కండ గీకెయ్యాలి. కడిగి, తంగేడు చెక్క నానిన నీళ్ళున్న లందలో వూనాలి. కరక్కాయ వెయ్యాలి. ఒక్కో దశ ఎప్పుడు ఆపాలో తెలియాలి. ఆగితే కుళ్ళుద్ది, తొందరపడితే బిరుసెక్కుద్ది. ఇది రసాయన శాస్త్రం అని మనం రాస్తున్నాం, నిజమే. తంగేడు చెక్కతో వూనిన దక్షిణాది తోళ్ళు 'ఈస్ట్ ఇండియా కిప్స్' పేరుతో మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు పోయినాయి. 1948 లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధనా సంస్థ వచ్చింది. కుప్పం సరిహద్దు దాటితే వాణియంబాడి, ఆంబూరు, ఎటు చూసినా తోలు ఫ్యాక్టరీలే. లంద వాసనకు మనల్ని ఊరి బయట పెట్టిన సమాజమే ఆ వాసన డబ్బయినాక ఫ్యాక్టరీ పెట్టింది.

ఇంతవరకు రాయడం మనకు బాగా వచ్చు. ఇక్కడి నుంచి నేను అడిగేవి చూడండి. తంగేడు చెక్క ఏ నెలలో ఒలిస్తే సారం ఎక్కువ? పూత ముందా, తర్వాతా? ఎద్దు తోలుకు ఎన్ని రోజులు, మేక తోలుకు ఎన్ని? వానాకాలం ఎట్లా మారుద్ది? చిత్తూరు మాదిగలు చేసే తీరుకూ కడప మాదిగలు చేసే తీరుకూ తేడా వుందా? మా ఇంట్లో లంద పని మా తాతతో ఆగిపోయింది. తోలు పదునైందని ఎట్లా తెలుస్తుందని మా అవ్వను అడిగితే, "వాసన జూస్తే తెలీదా నాయినా" అనింది. అది జ్ఞానమే. ఆ ముక్కులోనే వుంది, ఆ ముక్కుతోనే పోతుంది. 'మాదిగలు తొలి శాస్త్రవేత్తలు' అని వెయ్యిసార్లు రాసినా ఆ వాసనలో ఒక్క పాలు కూడా మన చేతికి రాదు.

దీనికి ఒక కారణం వుంది, దాన్ని గౌరవించాలి. లంద నుంచి పారిపోవడమే మన మొదటి విముక్తి. చచ్చిన పశువుల పని, మాంసం మానెయ్యమని అంబేద్కర్ చెప్పింది అందుకే. 1930ల్లో వార్ధా ఆశ్రమాలు కూడా పల్లె తోలుపని మీద శ్రద్ధ పెట్టాయి. గాంధీ దాన్ని పొగిడాడు. ఆ పొగడ్తలో కులవృత్తి కులంలోనే వుండాలనే వాసన మనవాళ్ళకు తగిలింది. అందుకే తోలు గురించి వివరంగా రాస్తే మళ్ళీ లందలోకి తోస్తారేమో అనే భయం. కానీ పనిని వదిలెయ్యడం వేరు, పనిలో పోగైన తెలివిని వదిలెయ్యడం వేరు. మన పిల్లోడు కేంద్ర తోలు పరిశోధనా సంస్థలో ఎం.టెక్. చదివితే వాడి దగ్గర అవ్వ చెప్పిన వాసన లెక్క కూడా వుండాలి.

ఎట్లా చెయ్యాలన్నదానికి తెలుగులో దారి వుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 'మాండలిక వృత్తి పదకోశం' 1962 లో వ్యవసాయంతో మొదలైంది. చేనేత మీద 1971 లో వచ్చింది. చేసినవాళ్ళు విశ్వవిద్యాలయం వాళ్ళే, అడిగింది సేద్యగాళ్ళనూ సాలెవాళ్ళనూ. ఒకే పనిముట్టును, ఒకే పనిని జిల్లా జిల్లాకూ పోయి ఏమంటారో అడిగి రాశారు. తెలుగులో ఇంత ఓపికతో జరిగిన పనులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో వున్నది పేర్లు, కొలతలు కాదు. పేరు దొరికిన చోట పని తీరు కూడా రాస్తే ఏమవుతుందో మనం చేసి చూపించాలి.

కుప్పం గురించి ఎక్కువ చెప్పను. 2002 లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఇక్కడ 'ఐ-కమ్యూనిటీ' అని మూడేళ్ళ కార్యక్రమం పెట్టింది. సమాచార కేంద్రాలు వచ్చాయి. డ్వాక్రా ఆడవాళ్ళు కొందరు సోలార్‌తో నడిచే ప్రింటరు, డిజిటల్ కెమెరా భుజానేసుకుని పల్లెల్లో ఫోటోలు తీసి సంపాదించారు. చూడ్డానికి బాగుండింది. పల్లె మనిషి కంప్యూటరును ఎట్లా వాడతాడో, దేనికి డబ్బిస్తాడో కంపెనీ నేర్చుకుంది. గడువు తీరింది. ఆ ఆడవాళ్ళు నేర్చుకున్నది ఎక్కడ రాసి వుంది? ఆరోగ్యవరం ఇరవై యేళ్ళ పక్కన ఈ మూడేళ్ళు పెట్టి చూస్తే కాలానికి జ్ఞానంతో వున్న సంబంధం తెలిసిపోతుంది. అదే కుప్పంలో 1997 లో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది. తెలుగు, తమిళం, కన్నడం కలగలిపి మాట్లాడే కూలీల ఊర్ల మధ్య, ద్రావిడ భాషల కోసమే పెట్టిన విశ్వవిద్యాలయం. ఆంబూరు తోలు ఫ్యాక్టరీలో తమిళ పేర్లతో నడిచే పనికీ మన లందలో తెలుగు పేర్లతో నడిచిన పనికీ మధ్య పదకోశం తయారు చెయ్యడానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడుంది? దళిత విద్యార్థులు అక్కడున్నారు, భాషలు అక్కడున్నాయి, పనివాళ్ళు రైలెక్కితే గంటలో వుంటారు.

లెక్క రాయడం మనకు కొత్త కాదు, మరిచిపోయాం అంతే. ఫూలే 1882 లో హంటర్ కమిషన్ ముందు వాంగ్మూలం ఇచ్చాడు. రైతు కట్టే పన్నుతో ఎవరి పిల్లలకు పైచదువులు చెప్తున్నారని అడిగాడు. అంబేద్కర్ 1924 లో పెట్టిన బహిష్కృత హితకారిణి సభ 1928 లో సైమన్ కమిషన్‌కు బొంబాయి రాజధానిలో అణగారిన కులాల చదువు మీద నివేదిక ఇచ్చింది. ఏ కులం పిల్లలు ఏ తరగతి దాకా చేరారో అంకెలతో చూపించిన నివేదిక. ఒక ఉద్యమ సంస్థ జ్ఞానం తయారు చేసిన పద్ధతి అది. మనం అంబేద్కర్ ఉపన్యాసాలు కంఠస్థం చేస్తాం, ఆ పట్టికలు తిరగేసినోళ్ళు ఎందరు? అమెరికాలో డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ ఫిలడెల్ఫియా ఏడో వార్డులో నల్లవాళ్ళ ఇళ్ళు ఒక్కొక్కటే తిరిగి 1899 లో పుస్తకం తెచ్చాడు. తర్వాత అట్లాంటా విశ్వవిద్యాలయంలో ఏడాదికో అంశం, పదేళ్ళకు పది, మళ్ళీ మొదటికి, ఇట్లా నూరేళ్ళ పథకం వేసుకున్నాడు. డబ్బు లేక అది నూరేళ్ళు నడవలేదు. అంబేద్కర్ 1946 లో ఆయనకు ఉత్తరం రాశాడు. ఇద్దరూ అంకె విలువ తెలిసినవాళ్ళు.

ఓపిక అంటున్నాను గానీ ఓపిక గాల్లో వుండదు. ఆరోగ్యవరానికి మిషన్ డబ్బు, అంతర్జాతీయ సంస్థల అండ వున్నాయి. రిషి వ్యాలీకి నిధులున్నాయి. మన పిల్లలకు ఏముంది? హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సైన్సు రచయిత కావాలనుకున్న రోహిత్ వేముల హాస్టల్ నుంచి వెలివేయబడ్డాడు. ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి వుందని చివరి ఉత్తరంలో రాసి 2016 జనవరి 17 న చనిపోయాడు. గది, నెల డబ్బు, గైడు నోటి నుంచి ఒక మంచి మాట. ఈ మూడూ లేనివాణ్ణి 'నీకు ఏకాగ్రత లేదు' అనడం ఆ దగ్గుమందు సీసా లాంటిదే.

అందుకని విశ్వవిద్యాలయం ఇచ్చేదాకా ఆగాల్సిన పని లేనివి కొన్ని మనం మొదలుపెట్టాలి. పుంగనూరు దగ్గర మా వాడలో డిగ్రీ చదివే పిల్లలు కొందరు టీబీ మీద ఒక నోటుబుక్కు పెడదామనుకున్నారు. ఏటా అదే నెలలో, అవే ఇళ్ళు. దగ్గు వచ్చినోళ్ళు మొదట ఎవరి దగ్గరకు పోయారు, ఆర్.ఎం.పి. దగ్గరకా, మందుల షాపుకా, సర్కారు ఆసుపత్రికా? రోగం పేరు తెలిసేటప్పటికి ఎన్ని రోజుల కూలి పోయింది? మాత్రలు మధ్యలో ఆపితే ఎందుకు ఆపారు? ఏ నేలలో, ఏ నీళ్ళలో పని? ప్రశ్నలు కూడా వాళ్ళే రాసుకున్నారు, వాడ ఆడవాళ్ళు రెండు కొట్టేసి మూడు చేర్చారు. గొడవ వచ్చింది పేర్ల దగ్గర. పెళ్ళి కావలసిన పిల్ల వున్న ఇంటిమీద టీబీ అని రాస్తే ఆ సంబంధం నిలబడదు. పేరు లేకపోతే వచ్చే ఏడు అదే మనిషిని ఎట్లా వెతకాలి? ఒక రాత్రంతా మాట్లాడుకుని ఇంటికో గుర్తు పెట్టాలని, ఏ గుర్తు ఏ ఇల్లో చెప్పే కాగితం నోటుబుక్కుతో కాకుండా వేరే చోట వుంచాలని అనుకున్నారు. ఆ కాగితం ఎవరింట్లో వుంచాలో మాత్రం ఇంకా తేలలేదు.